ముందు కాళేశ్వరుడు, తర్వాతే ముక్తీశ్వరుడు: నీట్ రాస్తున్న ఒక చెల్లెకు నేను బాకీపడ్డ జవాబు



పోయిన వారం వీడియోలో కాళేశ్వరం క్షేత్రం గురించి చెబుతూ మధ్యలో ఒక మాట ఆపేశాను, గుర్తుందా? "ఒక చెల్లెకు నేను తప్పు జవాబు చెప్పాను, దాని సంగతి రాసే పెడతా" అన్నాను. కెమెరా ముందు చెప్పడానికి కొంచెం సిగ్గనిపించింది. ఇక్కడ చెబుతున్నా. ఆ అమ్మాయిని అడిగే రాస్తున్నాను. పేరు, ఇంటి వివరాలు రాయను.

నిరుడు ఒక లైవ్‌లో ఆమె ప్రశ్న పెట్టింది. వయసు ఇరవై ఏడు. ఊరు భూపాలపల్లి, ఉద్యోగం హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంటర్ బైపీసీలో యాభై తొమ్మిది శాతం. డిగ్రీ మైక్రోబయాలజీ, అది కూడా రెండు సప్లీలతో గట్టెక్కింది. "అన్నా, ఇన్ని తక్కువ మార్కులున్న నేను, ఈ వయసుల డాక్టర్ కావాలనుకునుడు పిచ్చా? అమ్మవారు ఇస్తదా?" అని అడిగింది.

లైవ్‌లో నాలుగు వేల మంది ఉన్నారు. అందరికీ బాగుండే మాట ఒకటి చెప్పాలి కదా. చెప్పేశాను. "పిచ్చి కాదు చెల్లే, సరస్వతీ అమ్మవారికి నలభై ఒక్క రోజులు దీపం పెట్టు, నమ్మకం వదలకు, సీటు నీదే" అన్నాను. కింద హార్టులు వరదలా వచ్చాయి. నేను ఆ ప్రశ్న అక్కడే మర్చిపోయాను.

ఆమె మర్చిపోలేదు. నలభై ఒక్క రోజులు దీపం పెట్టింది. ఉద్యోగం మానేసింది. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చుంది. 2025 మే 4న నీట్ రాసింది. మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి కదా, అక్కడ సరస్వతి ఘాట్ దగ్గర నన్ను చూసి గుర్తుపట్టి వచ్చి కాళ్లకు మొక్కబోయింది. "అన్నా, మీరు చెప్పినట్టే దీపం పెట్టిన" అంది. అప్పటికి రిజల్ట్ రాలేదు. జూన్ 14న వచ్చింది. క్వాలిఫై అయింది. కానీ సీటుకు చాలా దూరం. ఆ రాత్రే మెసేజ్ పెట్టింది: "దీపంల లోపమా అన్నా, నాలనా?"

ఆ రెండూ కావు. లోపం నా మాటలో ఉంది. అది ఎక్కడుందో చెప్పాలంటే భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం తీయాలి.

అక్కడ కృష్ణుడు ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కావాలంటాడు. అధిష్ఠానం, అంటే పనికి ఆధారమైన శరీరం. కర్త, చేసేవాడు. కరణాలు, అంటే ఇంద్రియాలు, పనిముట్లు. రకరకాల చేష్టలు, అంటే ప్రయత్నాలు. ఐదోది దైవం. వరుస గమనించండి. దైవం ఉంది, తీసేయలేదు. కానీ ఐదోదిగా ఉంది. నేను ఆ రోజు మొదటి నాలుగూ మింగేసి ఐదోదొక్కటే చెప్పాను. అది భక్తి అనుకున్నాను. నిజానికి అది బద్ధకం. నాలుగు కారణాల గురించి మాట్లాడాలంటే ఆమెను నాలుగు ప్రశ్నలు అడగాలి, జవాబులు వినాలి. దైవం గురించి మాట్లాడటానికి ఆ కష్టం లేదు.

ఆ ప్రశ్నలు ఈ జూన్‌లో అడిగాను. ఫోన్‌లో గంటన్నర.

మొదట మార్కుల సంగతి. ఇది మీలో చాలామందికి తెలియదు కాబట్టి వివరంగా రాస్తున్నా. మన దగ్గర ఎంబీబీఎస్ సీటుకు ఇంటర్ మార్కులు ర్యాంకులో కలవవు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలో అడిగిన కనీస అర్హత ఉంటే గేటు దాటినట్టే. ఆ తర్వాత మాట్లాడేది నీట్ ర్యాంకు ఒక్కటే. డిగ్రీలో సప్లీలు ఎన్ని ఉన్నా ఎవరూ అడగరు. వయసు కూడా అంతే. ఒకప్పుడు జనరల్‌కు 25, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 30 అని హద్దు పెట్టారు. 2022 మార్చిలో నేషనల్ మెడికల్ కమిషన్ పై హద్దు లేదని తేల్చేసింది. ఎన్నిసార్లు రాయాలన్న లెక్క కూడా లేదు. అంటే పదేళ్ల కింద ఇంటర్‌లో వచ్చిన ఆ యాభై తొమ్మిది శాతం ఆమె మెడకు కట్టిన బండ కాదు. అది ఎప్పుడో తెగిపోయింది. ఆమె మాత్రం ఇంకా మోస్తోంది.

ఆరో అధ్యాయంలో అర్జునుడు అడిగింది కూడా దాదాపు ఇదే. శ్రద్ధ ఉంది, కానీ మనసు నిలవలేదు, దారి మధ్యలో జారిపోయాడు. అలాంటివాడు అటూ ఇటూ కాకుండా, చెదిరిన మబ్బుతునకలా పోతాడా కృష్ణా అని. అర్జునుడు అడిగిన ప్రశ్నల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. ఎందుకంటే ఇది టాపర్ల ప్రశ్న కాదు, డిస్కంటిన్యూ అయినవాళ్ల ప్రశ్న. కృష్ణుడు తిట్టలేదు. నాయనా అని పిలిచి, మంచి పని మొదలుపెట్టినవాడికి దుర్గతి లేదన్నాడు. వాడు మళ్లీ పుట్టినప్పుడు పాత బుద్ధి తిరిగొచ్చి, ఆగిన చోటి నుంచే మొదలుపెడతాడన్నాడు. ఆయన చెప్పింది యోగం గురించి, నీట్ గురించి కాదు, నాకు తెలుసు. కానీ పాత జారుడును దేవుడే అంత తేలిగ్గా క్షమిస్తుంటే, మనం ఒక మెమో కాగితాన్ని పట్టుకుని పదేళ్లు ఏడవాలా?

ఇక్కడిదాకా నేను చెబుతుంటే ఆమెకు ధైర్యం వచ్చింది. కానీ ఇక్కడ ఆపితే నిరుటి తప్పే మళ్లీ చేసినవాణ్ని అవుతాను.

ఎందుకంటే తలుపు తెరిచి ఉండటం వేరు, లోపలికి వెళ్లడం వేరు. 2025లో దేశమంతా 22 లక్షల మందికి పైగా నీట్ రాశారు. 12 లక్షల మందికి పైగా క్వాలిఫై అయ్యారు. ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త పైన. అందుకే "క్వాలిఫై అయ్యాను" అన్న మాటకు ఇంట్లో స్వీట్లు పంచుతారు కానీ కౌన్సెలింగ్‌లో దానికి అంత విలువ లేదు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. సగం మార్కులు, అంటే 720లో 360, బయాలజీవే. ఆమెకు బయాలజీ బానే వచ్చింది. ఫిజిక్స్ దెబ్బతీసింది. ఎన్ని మాక్ టెస్టులు రాశావు అన్నాను. "రాయలే అన్నా, తక్కువొస్తే మనసు ఖరాబైతదని" అంది.

చూశారా, దీపం వెలిగింది, కరణం లేదు. నమ్మకం తగ్గుతుందన్న భయంతో పరీక్ష పెట్టుకోలేదు. అలాంటి నమ్మకాన్ని ఆమెకిచ్చింది నేనే.

ఇప్పుడు కాళేశ్వరం సంగతి చెప్పాలి. మన జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలంలో గోదావరిలో ప్రాణహిత కలిసే చోటు. మూడో నది సరస్వతి అంతర్వాహినిగా ఉందని మన నమ్మకం. గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు, కాలం. రెండోది ముక్తీశ్వరుడు, శివుడు. స్థలపురాణం ఇలా చెబుతారు. ముక్తీశ్వరుణ్ని మొక్కినవాళ్లంతా తిన్నగా మోక్షానికి పోతుంటే యముడికి పని లేకుండా పోయింది. ఆయన వచ్చి శివుడితో మొరపెట్టుకున్నాడు. అప్పుడు శివుడు యముణ్ని తన పక్కనే లింగంగా నిలబెట్టి, ముందు నిన్ను పూజించి తర్వాత నన్ను పూజిస్తేనే ఫలితమని మాటిచ్చాడు. ఇప్పటికీ అక్కడ పూజ ఆ వరుసలోనే.

ఈ కథ చిన్నప్పటి నుంచి వింటున్నా. పుష్కరాల్లో ఆ అమ్మాయి ఎదురుగా నిలబడ్డ రోజునే దాని బరువు తెలిసింది. మనమందరం ముక్తీశ్వరుడి దగ్గరికి పరిగెత్తేవాళ్లమే. కల నెరవేరాలి, బయటపడాలి, గెలవాలి. కాళేశ్వరుడి ముందు ఒక్క నిమిషం నిలబడం. ఆయన అడిగేవి వేరు. నీకు ఎన్నేళ్లు? ఎంత కాలం ఉంది? ఆ కాలం ఎవరిది?

అందుకే ఫోన్‌లో ఆమెతో లెక్క కట్టించాను. వచ్చే ఏడాది సీటు వచ్చిందనుకుందాం, అప్పటికి ఇరవై తొమ్మిది. కోర్సు నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది, ముప్పై నాలుగు దాటుతుంది. పీజీ చేయాలంటే మళ్లీ ఎంట్రన్స్, మళ్లీ మూడేళ్లు. నాయన సింగరేణిలో కేటీకే గనిలో పనిచేస్తాడు, రిటైర్‌మెంట్ దగ్గర పడింది. ప్రైవేట్ కాలేజీలో బి కేటగిరీ సీటంటే ఫీజు ఏడాదికి పది లక్షలు దాటుతుంది. "నాయన భూమి అమ్ముతనంటుండు" అంది. నేను ఫోన్ ఇటు చెవి నుంచి అటు చెవికి మార్చుకుని, "అది మాత్రం వద్దు చెల్లే" అన్నాను. కోపమొచ్చింది ఆమెకు. రానీ. తండ్రి ఒక్కగానొక్క ఆధారాన్ని అమ్మించి తెచ్చుకునే తెల్లకోటును అమ్మవారి ప్రసాదం అనడానికి ఇప్పుడు నాకు నోరు రాదు.

ఇలాంటప్పుడు యూట్యూబ్‌లో ఒక పెద్దాయన కథ బాగా తిరుగుతుంది. ఒడిశాకు చెందిన జయకిశోర్ ప్రధాన్. స్టేట్ బ్యాంక్‌లో పనిచేసి రిటైర్ అయ్యాక, 64 ఏళ్ల వయసులో 2020 నీట్‌లో అర్హత సాధించి బుర్లాలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీలో చేరారు. నిజమైన కథ, గొప్ప కథ. కానీ థంబ్‌నెయిల్‌లో పట్టని సంగతి ఒకటుంది. ఆయన అప్పటికే కాళేశ్వరుడి లెక్క కట్టేశారు. ఉద్యోగం పూర్తి చేసి, సంసారం నడిపి, ఆ తర్వాత కూర్చున్నారు. ఆయన తెగువ చూసి నేర్చుకోండి, తప్పకుండా. ఆయన వరుస కూడా చూడండి.

లెక్క అయ్యాక, చెల్లే, అసలు ఎందుకు డాక్టర్ అని అడిగాను. ఏడాది కింద అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. తను డిగ్రీలో ఉన్నప్పుడు నానమ్మకు పక్షవాతం వచ్చింది. రాత్రి పదకొండు. వరంగల్ డెబ్బై కిలోమీటర్లు. కారు మాట్లాడుకుని బయల్దేరారు. పరకాల దాటాక నానమ్మ చేయి చల్లబడింది. ఆ చేయి ఈమె చేతిలోనే ఉంది. "అప్పుడు నాకేం చెయ్యాల్నో తెల్వలే అన్నా. తెల్వకుండ కూసున్న" అంది.

అప్పుడు మా ఊళ్లో మెడికల్ కాలేజీ లేదు. 2023 సెప్టెంబర్ 15న రాష్ట్రంలో ఒకేరోజు తొమ్మిది ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అందులో భూపాలపల్లి ఒకటి, జనగామ ఒకటి. మహబూబాబాద్‌కు అంతకు ముందు ఏడాదే వచ్చింది. అడవీ గనులూ తప్ప ఏమున్నాయని అడిగిన ఊరికి ఇప్పుడు ఏటా వంద మంది మెడికోలు వస్తున్నారు. సెలవుకు ఇంటికి పోయినప్పుడు తెల్లకోట్లు వేసుకుని నడిచే ఆ పిల్లల్ని చూస్తే ఆమెకు కడుపులో ఏదో తిప్పుతుందట. అది అసూయ కాదని నేననను. అసూయ కూడా ఉంటుంది. మనుషులం.

చరక సంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో వైద్యుడు కావాలనుకునేవాడికి ఒక సూచన ఉంది. శాస్త్రాన్ని ఎంచుకునే ముందే, గురువును వెతికే ముందే, తాను తలపెట్టిన పని ఎంత బరువో ఎంత తేలికో, దాని ఫలం ఏమిటో, తర్వాత దాని వెంట ఏమొస్తుందో, దేశమూ కాలమూ ఎలా ఉన్నాయో బుద్ధితో చూసుకొమ్మంటాడు. చూసుకుని భయపడమనలేదు. చూసుకుని మొదలుపెట్టమన్నాడు. అదే చరకుడు వైద్యానికి నాలుగు పాదాలంటాడు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. వైద్యుడు ముఖ్యుడే, కానీ ఒక పాదమే. మన కాకతీయుల కాలంలో కూడా చూడండి. రుద్రమదేవి ఏలుబడిలో 1261 నాటి మల్కాపురం శాసనంలో శైవ మఠానికి రాసిచ్చిన గ్రామం ఆదాయంలోంచి ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు వాటాలు కేటాయించారు. మఠం లోపలే ఆసుపత్రి. దేవుడి పనీ వైద్యం పనీ వేరువేరు ఖాతాలని వాళ్లు అనుకోలేదు.

ఇంకో కథ చెప్పి ముగిస్తా, ఎందుకంటే ఆమె అడిగిన అసలు ప్రశ్న ఇందులో ఉంది. "అందరు పిల్లల మధ్యల నేను కూసుంటే నాకు ఆ లైన్ల నిలబడే అర్హత లేనట్టు అనిపిస్తది" అంది కదా.

దేవతల్లో అలా లైన్‌లో చోటు దొరకనివాళ్లు ఉన్నారు. ఎవరో తెలుసా? దేవవైద్యులు, అశ్వినీకుమారులు. మహాభారతం అరణ్యపర్వంలో లోమశ మహర్షి ధర్మరాజుకు చెప్పిన కథ. చ్యవనుడనే ముని తపస్సులో కూర్చుంటే పుట్ట పెరిగింది. శర్యాతి మహారాజు కూతురు సుకన్య ఆ పుట్టలో మెరుస్తున్నవి ఏమిటోనని ముల్లుతో పొడిచింది. అవి ఆయన కళ్లు. చివరికి ఆ ముసలి మునినే పెళ్లి చేసుకుని సేవ చేసింది. అశ్వినీదేవతలు వచ్చి చ్యవనుడికి యవ్వనం ఇచ్చారు. ఆయన సంతోషించి, మీకు యజ్ఞంలో సోమపానం ఇప్పిస్తానన్నాడు. శర్యాతి యజ్ఞంలో వాళ్లకోసం సోమపాత్ర ఎత్తగానే ఇంద్రుడు అడ్డొచ్చాడు. వీళ్లు వైద్యులు, మనుషుల మధ్య తిరిగేవాళ్లు, వీళ్లకు అర్హత లేదన్నాడు.

ఈరోజు డాక్టర్ అంటే పెళ్లి సంబంధాల్లో మొదటి వరుస. ఆ కథలో డాక్టర్లకే అర్హత లేదు. రోగుల మధ్య తిరిగినందుకే లేదు. చ్యవనుడు వినలేదు. వజ్రం ఎత్తిన ఇంద్రుడి చేతిని అక్కడే కట్టేశాడు, మదుడనే రాక్షసుణ్ని పుట్టించాడు, ఇంద్రుడు దిగొచ్చాడు. ఆ రోజు నుంచి అశ్వినులకు సోమం దక్కింది.

నేను ఆమెకు చెప్పింది ఈ యుద్ధం గురించి కాదు. సోమం దక్కకముందు వాళ్లేం చేస్తున్నారో చూడమన్నాను. వైద్యమే చేస్తున్నారు. మా వాటా తేల్చండి, అప్పుడే చ్యవనుడి కళ్లు చూస్తామనలేదు.

వారం తర్వాత ఆమె ఒక కాగితం ఫొటో తీసి పంపింది. మళ్లీ ఉద్యోగంలో చేరుతోంది. పొద్దున నాలుగున్నర నుంచి ఏడు దాకా ఫిజిక్స్. ఆదివారం మాక్ టెస్టు, ఎన్ని వచ్చినా మార్కులు గోడ మీద రాయాలి. వచ్చే మేలో ఒక్కసారి, అదే ఆఖరు, ఆ తేదీ నాయనకు చెప్పేసింది. భూమి అమ్మేది లేదు. కింద ఇంకో గీత గీసి, 108 అంబులెన్స్ అని రాసింది. అందులో రోగి పక్కన కూర్చునే టెక్నీషియన్ పనికి లైఫ్ సైన్సెస్ డిగ్రీవాళ్లను తీసుకుని శిక్షణ ఇస్తారట. కనుక్కుంటోంది. నేను సలహా ఇవ్వలేదు ఆ మాట. ఆమే వెతుక్కుంది. నానమ్మ పోయింది ఆసుపత్రిలో కాదు, దారిలో కదా.

చివర్న రాసింది: "దీపం ఆపాల్నా అన్నా?"

ఆపొద్దన్నాను. ఫిజిక్స్ పుస్తకం తెరిచే ముందు పెట్టుకోమన్నాను. సీటు ఇమ్మని అడగనా మరి అంది. అడుగు, అమ్మను ఏదైనా అడగొచ్చు, కానీ ముందు కాళేశ్వరుడికి ఒక వత్తి వెలిగించి అడుగు అన్నాను. నవ్వింది. ఏడాదిలో మొదటిసారి ఆమె నవ్వు విన్నాను.

లైవ్‌లో ఇకనుంచి చదువు, ఉద్యోగం, సీటు ప్రశ్నలకు ఒక్క నిమిషంలో జవాబు చెప్పను. అలాంటివి పంపేవాళ్లు మీ వయసు, ఇంటి పరిస్థితి, ఎందుకు కావాలనుకుంటున్నారు అనేవి కూడా రాయండి. ఆలస్యమైనా చదివే చెబుతాను. వచ్చే సోమవారం వీడియో అశ్వినులకు గుర్రం తలతో విద్య చెప్పిన దధీచి కథ మీద.

ఓం నమః శివాయ.